కారు వేరే రాష్ట్రానికి పంపాలా? ముందు నెల చూసుకోండి

బదిలీ ఆర్డర్ వస్తే సామాన్లతో పాటు కారు కూడా కదలాలి. హైదరాబాద్ నుంచి ఢిల్లీ 1,500 కిలోమీటర్ల పైమాటే. అంత దూరం నడపలేక చాలామంది కార్ క్యారియర్ లారీకి అప్పగిస్తారు. కానీ ఆ రేటు ఏడాదంతా ఒకేలా ఉండదు.

గిరాకీ ఎక్కువ మే, జూన్‌లలో. బదిలీలు, స్కూల్ సెలవులు ఒకేసారి వస్తాయి కదా, బేరమాడే వీలుండదు. దసరా, దీపావళి ముందు క్యారియర్లు షోరూంలకు కొత్త కార్లు మోసే పనిలో ఉంటాయి.

వానాకాలంలో రోడ్డు కంటే యార్డే భయం. లారీ నిండేదాకా కారు ఊరి బయట ఖాళీ జాగాలో ఆగుతుంది. మా ఖాలా కొడుకు కారు ఓ జూలైలో అలాగే నీళ్లలో నిలబడింది. దింపాక చూసుకోకుండా స్టార్ట్ చేశాడు, ఇంజన్ పోయింది. క్లెయిమ్ పెడితే ఇన్సూరెన్స్ వాళ్లు కుదరదన్నారు. జీరో డెప్ ఉందిగా అని ఆయన ధీమా. నీళ్లు పోయి పాడైన ఇంజన్‌కు మామూలుగా విడిగా ఇంజన్ ప్రొటెక్షన్ తీసుకుని ఉండాలి. రవాణాలో మిగిల్చిన నాలుగు డబ్బులు ఆ బిల్లులో ఏ మూలకు?

డిసెంబర్ చివర, జనవరిలో ఉత్తరాదిన పొగమంచు, లారీలు ఆలస్యం. చెన్నై వెళ్లేవాళ్లకు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది ఫిబ్రవరి, మార్చి మొదటి సగం. నా లెక్కలో అదే మంచి టైం. ఒక్క చిక్కుంది: గిరాకీ తక్కువైతే లారీ నిండక కారు అక్కడే ఉండిపోతుంది. అందుకే ఎప్పుడు బయల్దేరుతుందో, ఎప్పుడు చేరుతుందో కాగితం మీద రాయించుకోండి.

జూన్‌లోనే తప్పదంటే మూసిన కంటైనర్ అడగండి. ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ కాగితంలో మీ కారు నంబర్ ఉందా చూడండి. అప్పగించే ముందు నాలుగు వైపులా, మీటర్ రీడింగ్‌తో సహా ఫోటోలు తీయండి. ట్యాంకులో పావు వంతు పెట్రోల్ చాలు.

కారు కొత్త రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. దానికి ఇక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ కావాలి. లోన్ ఉంటే బ్యాంకు కాగితం కూడా తేవాలి. లారీ బుక్ చేయకముందే ఆ పని మొదలుపెట్టండి, అక్కడికెళ్లాక దీని కోసం సెలవు పెట్టి రావడం కష్టం.