కోంగ్ వంశం: ఒక ఇంటిపేరు, దాని వంశావళి

ఇంతకుముందు పాఠాల్లో మీరు చైనా రాజవంశాల చరిత్ర చదివారు. హాన్, టాంగ్, సోంగ్, యువాన్, మింగ్, చింగ్ వంశాలు ఒకదాని తరవాత ఒకటి వచ్చి పోయాయి. ఆ మార్పులన్నిటి మధ్యా తన స్థానం నిలుపుకొన్న కుటుంబం ఒకటి ఉంది. అది కన్ఫ్యూషియస్ పుట్టిన కోంగ్ వంశం. 2009లో వెలువడిన ఆ వంశావళి 80 సంపుటాలు. అందులో ఉన్న పేర్లు ఇరవై లక్షలకు పైమాటే. ఇందులో పేర్లు ఎక్కించే అధికారం ఎవరి చేతిలో ఉండేది, ఎవరిని వదిలేశారు అన్న ప్రశ్నలను మనసులో పెట్టుకొని ఈ పాఠం చదవండి.

ముందుగా ఇంటిపేరు సంగతి. ప్రాచీన చైనాలో కులీనులకు రెండు పేర్లుండేవి. 'షింగ్' అనేది మూల వంశాన్ని తెలిపేది. ఒకే షింగ్ వారు పెళ్లి చేసుకోకూడదన్నది నియమం. 'షి' అనేది ఆ వంశంలోని శాఖ పేరు. మనకు గోత్రం, ఇంటిపేరు వేరువేరుగా ఉండటాన్ని గుర్తుచేసుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది, అయితే పోలిక అంతవరకే. షింగ్‌ను రాసే అక్షరంలో స్త్రీని సూచించే గుర్తు ఉండటం గమనించదగ్గది. చిన్, హాన్ కాలాలకు ఈ రెండూ కలిసిపోయి ఒకే ఇంటిపేరుగా మిగిలాయి.

కోంగ్ అనేది మొదట శాఖ పేరే. షాంగ్ రాజుల సంతతివారు పాలించిన సోంగ్ రాజ్యంలో (తరవాతి సోంగ్ రాజవంశం వేరు) కోంగ్‌ఫు జియా అనే ఉన్నతాధికారి ఉండేవాడు. క్రీ.పూ. 710లో ప్రత్యర్థి అతణ్ని చంపించాడు. అతని సంతతివారు అతని పేరులోని మొదటి అక్షరాన్నే ఇంటిపేరుగా పెట్టుకొన్నారు. తరవాత లూ రాజ్యానికి వలస వెళ్లారు. అక్కడ, నేటి షాన్‌డాంగ్ రాష్ట్రంలోని చుఫు ప్రాంతంలో, క్రీ.పూ. 551లో కన్ఫ్యూషియస్ పుట్టాడు. అంటే ఈ ఘన వంశానికి మూలం ఒక హత్య, ఒక వలస.

కన్ఫ్యూషియస్ బతికి ఉండగా పెద్ద అధికారమేమీ వెలగబెట్టలేదు. వంశానికి ప్రాభవం తెచ్చినది తరవాతి రాజ్యాలే. క్రీ.పూ. 195లో హాన్ వంశ స్థాపకుడు గావ్‌జు చుఫుకు వచ్చి ఆయనకు బలులు అర్పించాడు. క్రీ.శ. 1055లో సోంగ్ చక్రవర్తి కోంగ్ వారసుడికి 'యన్‌షెంగ్' డ్యూక్ బిరుదు ఇచ్చాడు. మహాజ్ఞాని పరంపరను కొనసాగించేవాడని దాని అర్థం. ఈ బిరుదు 1935 వరకు నడిచింది. దానితోపాటు భూములు, శిస్తు రాయితీలు, వెట్టిచాకిరీ నుంచి మినహాయింపులు దక్కాయి. కాబట్టి వంశావళిలో పేరు ఉండటం గౌరవం మాత్రమే కాదు, ఆస్తి కూడా. పేరు ఎక్కించుకోవడానికి ఎంతమంది ప్రయత్నించి ఉంటారో మీరే ఊహించవచ్చు.

913 నాటిదిగా చెప్పే ఒక సంఘటన ఇక్కడ ముఖ్యం. కోంగ్ మో అనే సేవకుడు, అసలు ఇంటిపేరు లియూ అట, వారసుణ్ని చంపి తానే వారసుణ్నని ప్రకటించుకొన్నాడు. పసివాడైన కోంగ్ రెన్‌యూను జాంగ్ కుటుంబానికి చెందిన దాది తన సొంత కొడుకును బలిపెట్టి కాపాడిందనీ, 930లో రాజాస్థానం ఆ బాలుడి హక్కును గుర్తించిందనీ వంశీకులు చెబుతారు. నేటికీ రెన్‌యూను 'వంశోద్ధారక పితామహుడు' అంటారు. ఈ కథను మక్కీకి మక్కీగా నమ్మనక్కరలేదు. కానీ దీని ఫలితం మాత్రం చాలా వాస్తవమైనది. మో సంతతిగా ముద్రపడినవారిని 'బయటి కోంగ్'లుగా శతాబ్దాల తరబడి వంశావళి వెలుపలే ఉంచారు.

రెండో చీలిక యుద్ధం వల్ల వచ్చింది. జుర్చెన్‌ల దండయాత్రతో సోంగ్ ఆస్థానం దక్షిణానికి పారిపోయినప్పుడు, 1128-29లో, డ్యూక్ కోంగ్ డువాన్‌యూ కూడా వెంట వెళ్లి జెజియాంగ్‌లోని చుజౌలో స్థిరపడ్డాడు. ఉత్తరాన జుర్చెన్ పాలకులు చుఫులో ఉండిపోయిన బంధువులలో ఒకరిని డ్యూక్ చేశారు. ఒకే పూర్వీకుడికి ఇద్దరు అధికారిక వారసులు! మంగోలులు దేశాన్ని ఏకం చేశాక, 1282లో దక్షిణ శాఖకు చెందిన కోంగ్ జు తన హక్కును ఉత్తర శాఖకు వదులుకొన్నాడు. తన పూర్వీకుల సమాధులు చుజౌలో ఉన్నాయి గనుక వాటిని విడిచి రాలేనన్నది ఆయన చెప్పిన కారణం. పితృభక్తిని బోధించిన వంశంలో దీన్ని కాదనగలవారెవరు?

పేర్లు పెట్టడంలోనూ రాజ్యం చెయ్యి కనిపిస్తుంది. మింగ్ కాలం నుంచి ఒక్కో తరానికి ఒక్కో అక్షరం నిర్ణయమైంది. 76వ తరానికి 'లింగ్', 77కు 'డే', 78కి 'వెయ్', 79కి 'చుయ్'. ముక్కూముఖం తెలియని ఇద్దరు కోంగ్‌లు కలిసినా, ఎవరు ఎవరికి తండ్రి వరసో, తాత వరసో పేరును బట్టే తేలిపోతుంది.

76వ తరం డ్యూక్ కోంగ్ లింగ్‌యీ 1919లో మగసంతానం లేకుండా చనిపోయాడు. అప్పటికి ఆయన ఉపపత్ని గర్భవతి. 1920 ఫిబ్రవరిలో ప్రసవమయ్యేటప్పుడు బిడ్డను మార్చేస్తారేమోనన్న అనుమానంతో భవనం చుట్టూ సైనికులను కాపలా పెట్టారు. పుట్టినవాడు కోంగ్ డేచెంగ్, చివరి డ్యూక్. కన్నతల్లి కొన్ని రోజులకే మరణించింది. ఆ భవనం లోపలి సంగతులు మనకు ఇంత వివరంగా తెలియడానికి ఒక కారణం డేచెంగ్ అక్క, 1917లో పుట్టిన కోంగ్ డేమావ్ చెప్పిన జ్ఞాపకాలు. ఆమె ఆ ఇంటి ఆడపిల్ల. ఆడపిల్లలకు వంశావళిలో చోటు దొరికింది మాత్రం 2009 కూర్పులోనే.