అసలు మంచు, నకలు మంచు

‘అసలు’, ‘నకలు’ - మన తెలుగులో పొద్దస్తమానం నలిగే ఈ రెండు లఫ్జులూ అరబీ నుంచి ఫార్సీ, ఉర్దూల మీదుగా వచ్చినవే. అసలంటే ఇజ్జత్, నకలంటే చిన్నచూపు. ఇది మన ఆదత్. వీడియో గేమ్‌ల తారీఖ్‌లో ఒకచోట మాత్రం ఈ హిసాబ్ తారుమారైంది. ఆ కిస్సా జపాన్‌ది.

1980ల చివర్లో జపాన్‌లో దౌలత్ పొంగిపొర్లింది. 1987లో వచ్చిన ఒక స్కీయింగ్ సినిమా నౌజవానుల్లో మంచు షౌక్‌ను ఇంకా రాజేసింది. 1990ల మొదట్లో అక్కడ స్కీయింగ్ చేసేవాళ్లు కోటిన్నర దాటారు. టోక్యో పక్కన ఫునబాషిలో 1993లో కప్పు కింద ఏకంగా మంచుకొండే కట్టేశారు. దాదాపు 500 మీటర్ల జారుడు, ఎండాకాలంలోనూ మంచే! కానీ అప్పటికే దేశం దౌలత్ కరగడం మొదలైంది. రైలు కిరాయి, హోటల్, సామాను... మంచు దాకా వెళ్లిరావడం మామూలు జేబుకు భారమే.

సరిగ్గా ఆ రోజుల్లోనే గేమ్ సెంటర్లకు ఇంకో ముసీబత్ వచ్చిపడింది. 1994 డిసెంబర్‌లో ప్లేస్టేషన్ బజారులోకి దిగింది. నామ్కో కంపెనీ గేమ్ సెంటర్ల కోసం చేసిన ‘రిడ్జ్ రేసర్’ కారు పందెం అదే నెలలో టీవీ ముందుకొచ్చేసింది. బొమ్మ ఇంట్లోనే కనిపిస్తుంటే బయటికెళ్లి నాణెం ఎవరు వేస్తారు?

దీనికి నామ్కో దగ్గర జవాబు ఉంది. ఆ కంపెనీ పుట్టుకే అలాంటిది. 1955లో మసాయా నకమురా యోకొహామాలో ఒక పెద్ద దుకాణం మిద్దె మీద పిల్లలు ఎక్కి ఊగే రెండు మర గుర్రాలు పెట్టి తిజారత్ షురూ చేశాడు. ఒంటికి మజా ఇవ్వడమే ఆ వ్యాపారానికి బునియాద్. సెగా కంపెనీ కూడా 1985లో ‘హ్యాంగ్-ఆన్’ తెచ్చి, ఆడేవాణ్ని ఉత్తుత్తి మోటార్ సైకిల్ మీద కూర్చోబెట్టి వంగమంది.

1990ల మధ్యలో నామ్కో ‘ఆల్పైన్ రేసర్’ తెచ్చింది. రెండు పాదాలు రెండు పలకల మీద పెట్టాలి. చేతులతో కడ్డీలు పట్టుకోవాలి. నడుము కింది భాగాన్ని ఎడమకూ కుడికీ ఊపుతూ తెర మీది కొండ దిగాలి. వక్త్ అయిపోతే ఆట ఖతం. నిమిషాల్లో పిక్కలు పట్టేస్తాయి. ఈ మెషీన్ ఏ ఇంటి హాల్లోనూ పట్టదు, గేమ్ సెంటర్‌కు అదే రక్ష. 1996లో స్నోబోర్డ్ మీద నిలబెట్టే ‘ఆల్పైన్ సర్ఫర్’ వచ్చింది, సెగా ‘స్కీ సూపర్ జి’ తెచ్చింది. 1997 నాటి సెగా ‘వింటర్ హీట్’ మాత్రం వేళ్లతో బటన్లు బాదే పాత తరహానే. దాన్ని ఇంటి మెషీన్‌కు మార్చడం ఆసాన్, మార్చేశారు కూడా. కాళ్లతో ఆడేవాటిని గేమ్ సెంటర్‌కు వచ్చే ఆడాల్సి వచ్చింది.

1998లో నగానోలో వింటర్ ఒలింపిక్స్ జరిగాయి. స్నోబోర్డింగ్‌కు అక్కడే తొలిసారి చోటు దక్కింది. అక్కడికే మన దేశం నుంచి 16 ఏళ్ల శివ కేశవన్ లూజ్ పోటీకి వెళ్లాడు. ఇండియాలో లూజ్ ట్రాక్ లేదు. బండికి చక్రాలు బిగించి హిమాలయాల తారు రోడ్ల మీద ట్రక్కుల పక్కన జారుతూ మష్క్ చేసేవాడు. ఆ నకలుతోనే ఆరు ఒలింపిక్స్ దాకా వెళ్లాడు.

నేను చదివిన ఉర్దూలో మంచుకూ ఐసుకూ ‘బర్ఫ్’ ఒక్కటే మాట. మా బచ్‌పన్‌లో ఆ మాటకు అర్థం రంగు నీళ్లు పోసిన గోలాయే. కశ్మీర్ దూరం, జేబు ఖాళీ. మన ఇళ్ల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు ఇప్పుడు 2005లో తెరిచిన స్కీ దుబాయ్‌లో దిగిన ఫొటోలు పంపుతున్నారు, ఎడారిలో 400 మీటర్ల మంచు.

ఫునబాషి మంచుకొండ 2002లో మూతపడింది. 2006లో ఆ జాగాలో ఐకియా ఫర్నిచర్ దుకాణం వెలిసింది. కోట్లు పోసిన ఆ మంచు పదేళ్లు నిలవలేదు. నాణేనికి ఆడించిన పలకల మీద మాత్రం, కొండ ముఖం చూడని ఎందరో పిల్లలు నిలబడ్డారు. కొండ ఉత్తుత్తిదే గానీ, వాళ్ల పిక్కల్లో పట్టిన నొప్పి అసలుదే.