మా దొడ్లో కోళ్ళు: అమ్మమ్మ కొంగుముడి నుంచి సంఘం పుస్తకం దాకా

ఈ ఏడాది నివేదికలో మన ఆడవాళ్ళ బతుకుతెరువుల చరిత్ర ఒక్కో సంఘం ఒక్కోటి రాయాలన్నారు. చేపల గురించి, కుట్టు మిషన్ల గురించి వేరే అక్కలు రాస్తున్నారు. నేను కోళ్ళ గురించి రాస్తాను. నేను చదివింది పదో తరగతే, తప్పులుంటే సర్దుకుని చదవండి.

కోడి మొదట అడవి పక్షి. థాయిలాండ్ దేశంలో తవ్వకాల్లో దొరికిన ఎముకలు చూసి, సుమారు 3,500 ఏళ్ళ కిందట అది మనుషులకి మచ్చికైందని 2022లో శాస్త్రవేత్తలు చెప్పారు. ఎవరూ వల వేసి తీసుకురాలేదంట. వరి, చిరుధాన్యాల గింజల కోసం అదే ఇళ్ళ దగ్గరికి వచ్చిందంట. మన గోదావరి వాళ్ళకి ఇది వింతేం కాదు. ధాన్యం నూర్చిన చోట కోడి లేకుండా ఎప్పుడైనా చూశామా?

మా అమ్మమ్మ పుట్టేసరికి యానాం ఇంకా ఫ్రెంచి వాళ్ళ చేతిలోనే ఉంది. 1954 జూన్ 13న ఇక్కడ జెండా మారినప్పుడు ఆవిడ చిన్నపిల్ల. పెళ్ళయ్యాక దొడ్లో ఎనిమిదో పదో నాటుకోళ్ళు ఉండేవి. పొద్దున్నే గంప ఎత్తేది, సాయంత్రం మళ్ళీ మూసేది. గుప్పెడు నూకలు, కొంచెం తవుడు, అంతే మేత. ఒక్కో పెట్ట ఏడాదికి యాభై అరవై గుడ్లు పెట్టేది. అందులో సగం పొదుగుకే పోయేవి. మిగిలినవి మంగళవారం సంతలో అమ్మి, ఆ డబ్బు కొంగున ముడేసుకునేది. మా అమ్మ పలకలు, పసుపు, తలనొప్పి మాత్రలు అన్నీ ఆ ముడిలోంచే.

ఇంట్లో పుంజు మగాళ్ళది, పెట్ట ఆడవాళ్ళది. సంక్రాంతి పందెం పుంజుకి బాదంపప్పు పెట్టి మేపేవారు. దాని రంగు, జాతకం గంటలు గంటలు మాట్లాడుకునేవారు. పెట్ట ఎన్ని గుడ్లు పెట్టిందో ఎవరూ అడగలేదు. అందుకే ఆ డబ్బు అమ్మమ్మ దగ్గర మిగిలింది. అందుకే దానికి లెక్క కూడా మిగల్లేదు.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నేను రెండో తరగతి. పొద్దున లేచేసరికి కొబ్బరిచెట్లు పడిపోయి ఉన్నాయి, అమ్మమ్మ కోళ్ళ గూడు లేదు, కోళ్ళూ లేవు. ఆ తర్వాత మా అమ్మ కోళ్ళు పెట్టలేదు. అప్పటికే ఫారం గుడ్డు ప్రతి కిరాణా కొట్లోకి వచ్చేసింది. తణుకు వైపు, అనపర్తి వైపు పెద్ద పెద్ద ఫారాలు లేచాయి. వ్యాపారులు చెప్పిందే ధర అవుతోందని గుడ్ల రైతులు 1982లోనే ఒకటై, నెక్ అనే సమన్వయ కమిటీ పెట్టుకున్నారు. వాళ్ళు ఏకమై బాగుపడ్డారు. దొడ్లో కోడి ఉన్న ఆడది మాత్రం ఒంటరిదే.

ఇక మా అత్తారింటి సంగతి. ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ కోళ్ళు పెంచలేదు. "దొడ్డంతా పెంటవుతుందే" అని మా అత్తగారు గోల. అయినా 2021 వానాకాలంలో సంఘంలో రెండు వేలు అప్పు తీసుకుని ఇరవై గ్రామప్రియ పిల్లలు తెచ్చాను. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ వాళ్ళు పెరటి కోసమే తయారు చేసిన రకం అది. ఏడాదికి 160 నుంచి 180 దాకా గుడ్లు పెడుతుంది, కానీ పొదగదు. మళ్ళీ పిల్లలు కావాలంటే కొనుక్కోవాల్సిందే.

ఒకటి ముంగిస పట్టుకుపోయింది. రెండు గద్ద ఎత్తుకుపోయింది. పదిహేడు మిగిలాయి, బాగానే పెరిగాయి. అప్పుడు నేనో తెలివితక్కువ పని చేశాను. ఒక సంతలో చవగ్గా వస్తోందని నాటుపెట్ట ఒకటి కొని, తెచ్చిన రోజే మిగతా వాటితో కలిపేశాను. వారం తిరగకుండా అది మూల కూచుంది. పచ్చగా, తెల్లగా రెట్ట. తర్వాత మిగతావి మెడలు వంకర్లు తిరిగి, కాళ్ళు పడిపోయి, ఐదు రోజుల్లో పద్నాలుగు పోయాయి. మూడే మిగిలాయి. దాంతో ఆగలేదు. గోడ అవతల వదిన కోళ్ళు ఆరూ పోయాయి. ఆవిడకి భర్త లేడు. ఆ గుడ్ల డబ్బుతోనే గ్యాసు బండ కొనుక్కునేది. "ఏం గాలో ఏమో" అంది నాతో. నేను నోరు విప్పలేదు.

అది కొక్కెర తెగులు. రాణిఖేత్ అని కూడా అంటారు. హిమాలయాల దగ్గర కొండల్లో ఉన్న ఊరి పేరది. 1920ల చివర్లో మన దేశంలో ఈ తెగులుని అక్కడ గుర్తించారు. అదే కొండల్లో ముక్తేశ్వర్ పరిశోధన కేంద్రం నుంచి దానికి టీకా వచ్చింది. అంటే మా అమ్మమ్మ కాపురానికి వచ్చేనాటికే మందు ఉంది. మరి మన దొడ్లోకి ఎందుకు రాలేదు?

పశువుల ఆసుపత్రిలో అడిగితే తెలిసింది. టీకా సీసా వంద కోళ్ళకి వస్తుంది. మందు కలిపాక గంటా రెండు గంటల్లో వేసెయ్యాలి, మిగిలింది పారబొయ్యాలి. ఇంటికి దూరమైతే ఐసు వేసిన ఫ్లాస్కులో తీసుకెళ్ళాలి. వేల కోళ్ళున్న ఫారానికి అది లెక్కే కాదు. పది కోళ్ళున్న ఆడదాని కోసం వంద కోళ్ళ సీసా ఎవరు తెస్తారు? తెగులు వీధంతటికీ వస్తుంది, టీకా మాత్రం ఒక్క ఇంటికి కుదరదు. తరతరాలుగా మన కోళ్ళు పోవడానికి ఇదొక కారణం.

మూడు వారాలు నాలో నేనే కుమిలాక సంఘం మీటింగులో చెప్పేశాను. "తెగులు తెచ్చింది నేనే. వదిన కోళ్ళు నా వల్లే పోయాయి." కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒక పిన్ని, "నీ కోళ్ళు చచ్చాయని మా కోళ్ళకి సూదులేంటే? టీకా వేస్తే గుడ్లు మానేస్తాయి" అంది. వదిన మాత్రం, "ముందే చెప్పుంటే ఇంత బాధ ఉండేది కాదు. సరేలే, ఇప్పుడు ఏం చేద్దామో చెప్పు" అంది.

ఆ రోజే పుస్తకంలో లెక్క రాశాం. మా పన్నెండు మందిలో తొమ్మిది ఇళ్ళల్లో 71 కోళ్ళు. సంఘంలో లేని మరో నాలుగు ఇళ్ళు కలుపుకుంటే 93. ఒక సీసాకి సరిగ్గా సరిపోయాయి. చీకటి పడ్డాక కోళ్ళు కదలవు కాబట్టి రాత్రిపూట ఇంటింటికీ తిరిగి టీకా వేయించాం. వారం వయసు పిల్లకి లసోటా చుక్క కంట్లో గానీ ముక్కులో గానీ. ఎనిమిది వారాలకి ఆర్ టూ బీ సూది చర్మం కింద. జబ్బుగా ఉన్నదానికి వెయ్యకూడదు. కొత్తగా తెచ్చిన కోడిని రెండు మూడు వారాలు విడిగా కట్టాలని తీర్మానం కూడా రాశాం. వదినకి నేను ఆరు పిల్లలు కొనిచ్చాను.

తర్వాతి ఏడాది పక్క వీధిలో మళ్ళీ తెగులొచ్చింది. మా వీధిలో టీకా పడిన కోళ్ళు నిలిచాయి. సూదులొద్దన్న పిన్నే ఇప్పుడు ఫ్లాస్కు మోస్తుంది. ఆ ఏడాది నాకు 1,310 గుడ్లు వచ్చాయి. 410 ఇంట్లో తిన్నాం, 900 పది రూపాయల చొప్పున అమ్మాను. పిల్లలు, మేత, మందులు కలిపి 4,100 ఖర్చు పోగా 4,900 మిగిలింది. పెద్ద మొత్తమేం కాదు. కానీ ఈ అంకె రాసి ఉంది.

ఒక జాగ్రత్త. 2025 ఫిబ్రవరిలో మన పక్క గోదావరి జిల్లాల్లో వచ్చిన బర్డ్ ఫ్లూ వేరే జబ్బు. దానికి ఈ టీకా పనిచెయ్యదు. కోళ్ళు ఒక్కసారిగా చచ్చిపోతుంటే చేత్తో ముట్టకండి, కాలవలో పడెయ్యకండి, ఎవరికీ అమ్మకండి. వెంటనే పశువుల ఆసుపత్రికి చెప్పండి.

మా అమ్మమ్మకి కోళ్ళ గురించి నాకంటే ఎక్కువ తెలుసు. ఆవిడకి లేనిదల్లా సంఘమే. మీ వీధిలో ఎన్ని కోళ్ళున్నాయో వచ్చే మీటింగులో లెక్కపెట్టండి. వందకి దగ్గరైతే సీసా తెప్పించండి. తక్కువైతే పక్క సంఘాన్ని కలుపుకోండి.