మొదటి చరణం దగ్గర ఆగిన పాట

గరిమెళ్ళ సత్యనారాయణ వ్రాసిన ‘మాకొద్దీ తెల్లదొరతనము’ పాటకు నేను చిన్ననాటినుంచీ అభిమానిని. అభిమానిని గనుకనే ఈ ఫిర్యాదు. స్వాతంత్ర్యదినోత్సవ సభల్లోనూ, జాతీయోద్యమంమీద తీసే డాక్యుమెంటరీల్లోనూ ఆ పాట తరచు ఎలా వినిపిస్తుంది? పల్లవి, ఒక చరణం, వెనుక రెపరెపలాడే జెండా. అంతటితో సరి. దేశభక్తి ఉన్నది, దేశం మాత్రం కనిపించదు.

శ్రీకాకుళం సీమలోని గోనెపాడులో 1893లో పుట్టిన గరిమెళ్ళ, రాజమండ్రిలో ఉపాధ్యాయ శిక్షణలో ఉండగా సహాయ నిరాకరణ పిలుపు విని చదువు వదిలి బయటపడ్డాడు. అది 1921 ప్రాంతం. చీరాల పేరాలలో జనం మునిసిపల్ పన్నులు కట్టలేమని ఊళ్లే ఖాళీ చేశారు. పల్నాటిలో పుల్లరిమీద పోరు సాగింది. మరుసటేడు ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణామీద పడ్డాడు. ఈ కాలంనుంచి విడదీసి వింటే పాట సగం చచ్చినట్టే.

మనవాళ్లు వదిలేసే చరణాల్లో ఏమున్నది? ఉప్పు ముట్టుకుంటే తప్పయిన సంగతి ఉన్నది. దండియాత్ర 1930లో జరిగింది. అంతకు తొమ్మిదేళ్ల ముందే ఒక తెలుగు పంతులు ఉప్పుపన్నును పల్లెవాడి విస్తరిలో పట్టుకున్నాడు. దేశాలు పండుతున్నా తినడానికి పట్టెడు మెతుకులు లేవన్న మాటా ఉన్నది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి, కాలువలు పారి, వరి పండుతున్న డెల్టాలో నిలబడి ఆ మాట పాడారంటే ఆలోచించవలసిందే. కాటన్ దొరకు నేటికీ చేతులెత్తి మొక్కే నేల ఇది. ఆ నేలే తెల్లదొరతనం వద్దన్నది. రెంటిలో ఏదీ అబద్ధం కాదు. కాలువలో నీరు వచ్చింది నిజం. శిస్తులు, వడ్డీలు పోగా కమతగాడి గాదెలో మిగిలింది కొంచెమన్నదీ నిజం.

ఆ చరణాల్లో ‘అండి’ అన్న పలకరింపు నాకు మరీ ఇష్టం. పండితుడు సభలో చదివే పద్యం కాదది. అరుగుమీద కూర్చున్న వాడితో చెప్పుకునే కష్టం. పల్లవి అందుకోవడానికి చదువు అక్కరలేదు. ప్రభుత్వం బెదిరింది అక్కడే. 1922లో ఏడాది కఠినశిక్ష వేశారు; విడుదలయ్యాక మళ్లీ పట్టుకుని ఇంకా ఎక్కువకాలం లోపల పెట్టారు.

బ్రేకన్ అనే కలెక్టరు కవిని పిలిపించి పాట పాడించుకుని, భాష తెలియకపోయినా అందులోని శక్తి గ్రహించానన్నాడని ఒక కథ చెబుతారు. నిజమే కావచ్చు. కాని ఆ కథ చెప్పేటప్పుడు మనవాళ్ల ముఖాల్లో కనిపించే వెలుగు నాకు నచ్చదు. దొర మెచ్చుకుంటేగాని దొరను తిట్టిన పాటకు విలువ రాదా?

‘ఇంటర్నేషనల్’ గీతం వ్రాసిన యూజీన్ పోతియే 1887లో పేదవాడుగానే పోయాడు. దానికి బాణీ కట్టింది ఆ మరుసటేడు. తన పాటను కార్మికులు ఆ బాణీలో పాడగా అతడు వినలేదు. గరిమెళ్ళ తన పాటను వేలమంది నోట విన్నాడు. అయినా తరువాతి బ్రతుకు మద్రాసులో పత్రికల కొలువులు, అనువాదాలు, ఆపైన పక్షవాతం, దారిద్ర్యం. తెల్లదొరతనం పోయి అయిదేళ్లు దాటినా ఆ ఇంట్లో పట్టెడన్నానికి లోటు తీరలేదు. ఈ భాగాన్ని ఏ ఉత్సవ సభా ఇష్టపడదు.

1952 డిసెంబరు 15న మద్రాసులో పొట్టి శ్రీరాములు ప్రాణం విడిచాడు. 18న అదే పట్నంలో గరిమెళ్ళ కన్నుమూశాడు. 19న నెహ్రూ ఆంధ్రరాష్ట్రం ప్రకటించాడు.