ముంబయిలో సొంతిల్లు: నేల ఎవరిది, హక్కు ఎవరిది

ముంబయిలో ఇంటి ధరల మాట రాగానే అందరి వేలూ సముద్రం వైపే తిరుగుతుంది. మూడు దిక్కులా నీళ్లు, నడుమ సన్నని నేల, దాని మీద కోటి పైచిలుకు జనం. ఇక ధరలు మండక ఏం చేస్తాయంటారు. ఈ మాట వినడానికి సబబుగానే ఉంటుంది. కొలాబా నుంచి మాహిం, సయన్ దాకా ఉన్న అసలు దీవి నగరం సుమారు 68 చదరపు కిలోమీటర్లేనన్నదీ నిజమే. అయినా మూడున్నర శతాబ్దాల చరిత్రను వరసగా చూస్తే సముద్రం అక్కడ పెద్ద అడ్డంకిగా కనిపించదు. కావలసినప్పుడల్లా దాన్ని పూడ్చి నేల చేసుకున్నారు. అడ్డుపడింది నేల మీద పేరుకుపోయిన హక్కులు. ఆ ఊళ్లో ఇల్లు కొన్నవాడు నేలను కొన్నది బహు అరుదు. ఎవరో ఒకరి నేల మీద, తనను కదిలించడానికి వీల్లేని ఒక హక్కును కొనుక్కున్నాడు. ప్రతి తరమూ పాత హక్కును తీర్చకుండా దాని మీద కొత్త హక్కును పేర్చింది. ధరలో పెద్ద వాటా ఆ పేర్పుదే అని నా వాదన.

అసలు ఆ నగరమే అద్దెతో మొదలైంది. 1534లో గుజరాత్ సుల్తాను బహదూర్ షా వసాయి సంధితో ఆ దీవులను పోర్చుగీసులకు వదులుకున్నాడు. పోర్చుగల్ రాకుమారి కేథరీన్‌తో పెళ్లికి 1661లో కుదిరిన ఒప్పందంతో అవి ఇంగ్లండు రాజు రెండో చార్లెస్‌కు దక్కాయి. ఆయనకు అవి బరువుగా తోచి, 1668లో ఏటా 10 పౌన్ల అద్దెకు ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. చేపల వేటతో బతికే కోలీలు అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ అక్కడే ఉన్నా, ఈ చేతులు మారడాల్లో వాళ్లను అడిగినవారు లేరు. కంపెనీ వచ్చి చూసేసరికి కొబ్బరితోటలు, మళ్లు, ఉప్పు మడులు పోర్చుగీసు కుటుంబాల పేరునో, జెసూట్ మతసంస్థల పేరునో ఉన్నాయి. ఏది రాజుది, ఏది రైతుది అన్న తగువు ఏళ్ల తరబడి నడిచింది. గవర్నర్ జెరాల్డ్ ఆంజియర్ 1670లలో దాన్ని ఒక ఒప్పందంతో సర్దాడు. భూస్వాములంతా కలిసి ఏటా 20 వేల షెరాఫిన్లు (పోర్చుగీసు నాణేలు) కంపెనీకి కట్టాలి, ప్రతిగా వారి అనుభవ హక్కును కంపెనీ ఒప్పుకోవాలి. నేల యాజమాన్యం ఎవరిదన్న అసలు ప్రశ్నకు మాత్రం జవాబు దొరకలేదు. దక్షిణ ముంబయిలో నేటికీ వినిపించే ఫజందారీ పద్ధతి ఆ కాలపు వారసత్వమే. నేల ఒకరిది, దాని మీది కట్టడం మరొకరిది, కట్టడంలో అద్దెకున్నది మూడోవాడు. ఎప్పుడో నిర్ణయించిన నామమాత్రపు నేల అద్దె ఫజందారుకు ముడుతూనే ఉంటుంది.

నేల చాలకపోతే ఏం చేశారన్నదానికి సాక్ష్యం కళ్లముందే ఉంది. వర్లీ దగ్గర సముద్రం లోపలికి చొచ్చుకొచ్చే గండిని మూస్తూ హార్న్‌బీ కట్టను 1784 ప్రాంతంలో పూర్తిచేశారు. పోటు వస్తే మునిగే పల్లపు నేలలు దాంతో ఇళ్ల స్థలాలయ్యాయి. సయన్ కట్ట 1803లో, కొలాబా కట్ట 1838లో, మాహిం కట్ట 1845లో వచ్చి ఏడు దీవులను ఒకదానితో ఒకటి, ఆపైన సాష్టీ దీవితో కలిపాయి. ఈ మట్టి మోసినవాళ్లలో, ఆ తర్వాత రాళ్లు పేర్చి మేడలు లేపినవాళ్లలో మనవాళ్లు చాలామంది. నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాల నుంచి పనికోసం వెళ్లిన కామాటీలు హార్న్‌బీ కట్ట వల్ల తేలిన పల్లపు నేలలోనే గుడిసెలు వేసుకున్నారు. కామాటిపుర పేరు వారిదే. తర్వాతి కాలంలో ఆ పేటకు వచ్చిన అపకీర్తి వల్ల, అది మొదట కూలీల, మేస్త్రీల పేట అన్న సంగతి మరుగున పడింది. వారిలో కొందరు కాంట్రాక్టర్లుగా ఎదిగారు. జ్యోతిరావు ఫూలే సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారు. మిగిలినవాళ్లు మాత్రం తాము పూడ్చిన నేల మీద తామే అద్దెదారులయ్యారు.

అమెరికా అంతర్యుద్ధం వల్ల బొంబాయి పత్తికి గిరాకీ పెరిగిన 1860లలో సముద్రాన్ని పూడ్చడమే ఒక జూదమైపోయింది. బ్యాక్‌బే పూడిక కంపెనీ వాటాల కోసం జనం ఎగబడ్డారు. 1865లో యుద్ధం ముగియగానే అంతా కుప్పకూలింది. 1864 లెక్కల్లో 8 లక్షలు దాటిన నగర జనాభా 1872 నాటికి ఆరున్నర లక్షలకు దిగింది. ధరలను నడిపేది నేల కొరత ఒక్కటే కాదని, చేతిలో ఆడే డబ్బు, దాని మీద ఆశ కూడా అని ఆ ఊరికి అప్పుడే తెలిసుండాలి. తర్వాత మిల్లులు వచ్చాయి, మిల్లుల చుట్టూ చాళ్లు వచ్చాయి: పొడవాటి వసారా, వరసగా ఒంటి గదులు, చివర అందరికీ కలిపి కుళాయి, మరుగుదొడ్డి. 1896లో ప్లేగు సోకాక 1898లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టును పెట్టారు. అది వెడల్పు వీధులు వేసింది, దాదర్, మాటుంగాల్లో మధ్యతరగతికి చక్కటి కాలనీలు ఏర్పరిచింది. ఇరుకు పేటల్లో అది కూల్చిన గదుల్లో ఉండినవాళ్లు పక్క పేటల్లో మరింత ఇరుక్కున్నారు. 1920లో గవర్నర్ లాయిడ్ కాలంలో పుట్టిన బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటు (బీడీడీ) 50 వేల గదులు కడతానని దాదాపు 16 వేలతో ఆగింది. వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్, శివ్‌డీల్లోని బీడీడీ చాళ్లు అవే. ఒక్కో గది 160 చదరపు అడుగులు. 1921-22లో బొంబాయి కార్మిక కుటుంబాల్లో నూటికి 97 ఒంటి గదుల్లోనే ఉన్నాయని రాయల్ లేబర్ కమిషన్ 1931లో రాసింది. నల్గొండ, కరీంనగర్, వరంగల్ ప్రాంతాల నుంచి మగ్గం వదిలి మిల్లుకు చేరిన పద్మశాలీల కుటుంబాలూ ఆ లెక్కలోనివే.

ఇక్కడి నుంచి కథ చట్టం చేతిలోకి వెళ్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల అద్దెలు పెరిగిపోతే 1918లో తొలి అద్దె నియంత్రణ వచ్చింది. రెండో యుద్ధం, దేశవిభజన, శరణార్థుల రాక అనంతరం 1947 చట్టం వచ్చింది. అది ప్రామాణిక అద్దెను 1940 సెప్టెంబరు 1 నాటి దగ్గర ఆపేసింది. తాత్కాలికమంటూ తెచ్చి, పొడిగిస్తూ పోయారు. 1990ల్లోనూ 1940 నాటి అద్దెకే మెరీన్ డ్రైవ్‌లో కాపురం చేసేవాళ్లు ఉండేవారు. అద్దెదారును కదిలించలేమని తేలాక ఆ అద్దె రసీదుకే ధర పుట్టింది. అదే పగడీ. లోపలికొచ్చేవాడు ఇంటి విలువకు దగ్గరగా ఉండే మొత్తాన్ని ముందే ఇస్తాడు, నెలనెలా పేరుకు కొద్దిపాటి అద్దె కడతాడు. వెళ్లేటప్పుడు తన హక్కును మరొకరికి అమ్మి, వచ్చిన దానిలో ఇంటి యజమానికి వాటా ఇస్తాడు. యజమాని పేరుకే యజమాని, అద్దెదారు పేరుకే అద్దెదారు. దశాబ్దాల పాటు ఇదంతా చట్టం కంట పడకుండా నగదుగా నడిచింది. అద్దెల స్తంభన అసమంజసమైపోయిందని 1997లో సుప్రీంకోర్టు చెప్పాక వచ్చిన 1999 చట్టం అద్దెను ఏటా 4 శాతం పెంచుకోనిచ్చింది, పగడీని చట్టబద్ధం కూడా చేసింది. దొంగచాటు హక్కు అలా దర్జా హక్కయింది.

అద్దె చట్టాన్ని తిడితే పేదల పక్షాన మాట్లాడేవారికి కోపం వస్తుంది. ఆ కోపంలో న్యాయం ఉంది. 1947లో ఆ చట్టం లేకపోతే లక్షలాది కుటుంబాలు వీధిన పడేవి. చట్టం రాకముందు యజమానులు ధర్మాత్ములుగా ఇళ్లు కట్టారనడానికీ లేదు, 97 శాతం లెక్క ఆ చట్టానికి పాతికేళ్ల ముందటిదే. కాబట్టి నియంత్రణ వల్లే మురికివాడలు పుట్టాయనే మార్కెట్ వాదుల తీర్పును నేను ఒప్పుకోను. నా అభ్యంతరం వేరు. ఆ చట్టం మనిషి అవసరాన్ని చూడలేదు, ముందొచ్చినవాణ్ని చూసింది. గిర్గావ్ గుమాస్తాకూ, మలబార్ హిల్ కోటీశ్వరుడికీ ఒకే రక్షణ ఇచ్చింది, కొత్తగా రైలు దిగినవాడికి ఏమీ ఇవ్వలేదు. అద్దె గిట్టక యజమానులు మరమ్మతులు మానేశారు, అద్దెకిచ్చేందుకు కట్టడం కూడా మానేశారు. 1969లో మరమ్మతుల బోర్డు పెట్టి పన్ను వేయాల్సి వచ్చేటప్పటికి ఆ పన్ను కిందికి వచ్చిన పాత భవనాలు 19 వేలు దాటాయి. 2017లో భేండీ బజార్ దగ్గర హుసైనీ భవనం కూలి 30 మందికి పైగా చనిపోయారు. యజమానికీ అద్దెదారుకూ కూడా పూర్తిగా చెందని ఇంటికి బాధ్యుడెవరన్నది అలాంటి ప్రతి శిథిలం దగ్గరా తేలని ప్రశ్నే.

అద్దె ఇల్లు దొరకని చోట ఫ్లాటు కొనడమే మిగిలింది. దీనికి దారి వేసింది సహకార సంఘాలు. గామ్‌దేవిలో 1915లో సారస్వతులు స్థాపించిన సొసైటీ దేశంలో తొలి సహకార గృహ సంఘాల్లో ఒకటి. మొదట్లో అది ఒక కులం వాళ్లు కలిసి ఇల్లు కట్టుకునే పద్ధతి. 1950ల తర్వాత బిల్డర్ల చేతిలో అమ్మకపు పద్ధతిగా మారింది. మోసాలు పెరగడంతో 1963లో ఓనర్‌షిప్ ఫ్లాట్ల చట్టం తెచ్చారు. దాని ప్రకారం బిల్డరు నేలను సొసైటీ పేర రాసివ్వాలి. చాలామంది రాయలేదు. ఎందుకు రాస్తారు? రేపు నిర్మాణ పరిమితి పెరిగితే ఆ లాభం నేల ఎవరి పేరున ఉంటే వారికే కదా. దీవి నగరంలో స్థలం విస్తీర్ణానికి 1.33 రెట్లే కట్టాలని 1991 నిబంధనలు గిరిగీశాయి. అంతకుముందే, 1976 పట్టణ భూపరిమితి చట్టం 500 చదరపు మీటర్లకు మించిన ఖాళీ స్థలాన్ని ప్రభుత్వం తీసుకోవచ్చన్నది. ప్రభుత్వం తీసుకున్నది కొంచెమే, కోర్టు వ్యాజ్యాల్లో ఇరుక్కున్నదే ఎక్కువ. మహారాష్ట్ర దాన్ని 2007 దాకా రద్దు చేయలేదు. సముద్రాన్ని పూడ్చి నేల తీసిన ఊరు, తీసిన నేలను కాగితాల్లో బంధించింది.

ఆ ముడులు విప్పే అవకాశం ఒకసారి చేతికందింది. 1982 సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మిల్లు కార్మికులు పాల్గొన్నారు, దాని తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నగరం నడిబొడ్డున దాదాపు 600 ఎకరాలు. మూడోవంతు ఖాళీ జాగాకు, మూడోవంతు ప్రజల ఇళ్లకు, మూడోవంతు యజమానులకు అని 1991 నిబంధన చెప్పింది. 2001లో దాన్ని సవరించి, ఆ వాటా కట్టడాలు లేని ఖాళీ స్థలానికే వర్తిస్తుందన్నారు. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. నగరానికి మిగిలింది కొసరు. మురికివాడల్లో 1995 నుంచి నడుస్తున్న పథకంలోనూ ఇదే తంతు. ఒక తేదీకి ముందు నుంచి గుడిసెలో ఉన్నట్టు కాగితం చూపినవాడికి ఉచిత ఫ్లాటు, మిగిలిన జాగాలో బిల్డరుకు అమ్ముకునే టవరు. ఆ కాగితం లేనివాడికి ఏదీ లేదు. తేదీని ఎన్నికల ముందు జరుపుతూ వచ్చారు.

దీవి అన్నాక ఇరుకు తప్పదు కదా అనేవారికి రెండు లెక్కలు చూపిస్తాను. 2001లో 33 లక్షలకు పైగా ఉన్న దీవి నగర జనాభా 2011 నాటికి 31 లక్షలకు పడిపోయింది. టవర్లు లేచిన దశాబ్దంలోనే మనుషులు తగ్గారు. ముంబయిలో 4.8 లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నాయని 2017-18 ఆర్థిక సర్వే చెప్పింది. జనం ఎక్కువై ఇళ్లు చాలని ఊళ్లో ఈ రెండూ కలిసి కనిపించకూడదు. సింగపూర్ కూడా దీవే. 1960లో గృహనిర్మాణ బోర్డు పెట్టి, 1966 భూసేకరణ చట్టంతో నేలను ప్రభుత్వం చేతిలోకి తీసుకుని, 1968 నుంచి భవిష్యనిధి పొదుపుతో ఇల్లు కొనుక్కోనిచ్చింది. నేడు అక్కడ నూటికి దాదాపు 80 మంది ఆ బోర్డు ఫ్లాట్లలోనే ఉంటారు. వారిదీ 99 ఏళ్ల కౌలు హక్కే, శాశ్వత యాజమాన్యం కాదు. తేడా ఏమిటంటే, ఒకే హక్కు, ఒకే యజమాని, అందరికీ తెలిసిన గడువు. చవగ్గా నేల లాక్కునే ఆ పద్ధతి మన ప్రజాస్వామ్యంలో చెల్లదు, చెల్లకూడదు కూడా. కానీ దీవికి ఇరుకు రాసిపెట్టి ఉంటుందన్న వాదన మాత్రం అక్కడ చెల్లలేదు.

ఉద్యోగం కోసం ముంబయి వెళ్లి అక్కడే ఇల్లు కొనాలనుకునే తెలుగువాళ్లు నేడూ తక్కువేం కాదు. హైదరాబాదులో మాదిరిగా గోడలు, వాస్తు, రైల్వే స్టేషను దూరం చూసి బయానా ఇవ్వకండి. నేల ఎవరి పేరున ఉందో ముందు అడగండి. సొసైటీ పేర నేల రాసిచ్చే కన్వేయన్స్ జరిగిందా, లేకుంటే బిల్డరు సంతకం లేకుండానే నేలను రాయించుకునే డీమ్డ్ కన్వేయన్స్‌కు సొసైటీ దరఖాస్తు చేసిందా, నేల కౌలుదైతే ఇంకా ఎన్నేళ్లుంది, లోపల పాత పగడీ అద్దెదారులున్నారా అని కాగితం మీద చూపించమనండి. వీటికి జవాబు దొరికేదాకా ధర గురించి బేరం మొదలుపెట్టవద్దు.