46 వేల ఏళ్ళ పిట్టకి పేరు పెట్టిందెవరు?

ఇవాళ్టి కథ ఒక చచ్చిపోయిన పిట్టతో మొదలవుతుంది.

2018. ఈశాన్య సైబీరియాలో బెలాయా గోరా అనే ఊరు. అక్కడి నేల ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది. ఆ నేలలో సొరంగాలు తవ్వి, మామత్ ఏనుగుల దంతాలు ఏరి అమ్ముకునేవాళ్ళున్నారు. అలా తవ్వుతున్నవాళ్ళకి ఒకరోజు చిన్న పిట్ట దొరికింది. ఈకలు, గోళ్ళు అన్నీ ఉన్నాయి. చూస్తే నిన్నో మొన్నో చచ్చిపోయినట్టుంది. కార్బన్ డేటింగ్ చేశారు. వయసెంతని తేలిందో తెలుసా? సుమారు 46 వేల ఏళ్ళు!

స్టాక్‌హోమ్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో లవ్ డాలెన్, నికొలస్ డ్యూసెక్స్ అనే శాస్త్రవేత్తల బృందం దాని డీఎన్ఏ చదివింది. 2020లో ఫలితం వచ్చింది. అది ఆడపిట్ట. దాని జాతి ఇంగ్లీషులో హార్న్‌డ్ లార్క్. లార్క్‌ని మన నిఘంటువులు భరతపక్షి అంటాయి కాబట్టి మనం దీన్ని కొమ్ముల భరతపిట్ట అనుకుందాం. నిజం కొమ్ములు కావులెండి. తల మీద రెండు పక్కలా నిక్కబొడుచుకునే నల్లటి ఈకలు, అంతే.

ఆ ఫలితంలో ఇంకో మాట కూడా ఉంది. ఈ పిట్ట ఉన్న గుంపు ఇవాళ్టి రెండు ఉపజాతులకి పూర్వీకులై ఉండొచ్చట. ఒకటి రష్యా ఉత్తరాన ఉండే 'ఫ్లావా'. రెండోది మంగోలియా వైపు గడ్డిమైదానాల్లో ఉండే 'బ్రాంటై'. ఫ్లావా ఏంటి? బ్రాంటై ఎవరు? ఈ పేర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయని వెతకడం మొదలుపెట్టాను. అలా వెతుకుతూ రెండున్నర శతాబ్దాలు వెనక్కి వెళ్ళిపోయాను. రండి, మీరూ రండి.

ముందు పేరు ఎలా కడతారో ఒక్క నిమిషంలో చూసేద్దాం. తెలుగువాళ్ళకి ఇది చాలా ఈజీ. మనకి ఇంటిపేరు ముందొస్తుంది, సొంత పేరు తర్వాత. శాస్త్రీయ నామం కూడా అంతే. ఈ పిట్ట పేరు 'ఎరెమోఫిలా ఆల్పెస్ట్రిస్'. ఎరెమోఫిలా ఇంటిపేరు, అంటే ప్రజాతి. ఆల్పెస్ట్రిస్ సొంత పేరు, అంటే జాతి. ఒకే జాతిలో ప్రాంతాన్ని బట్టి తేడాలుంటే మూడో పేరు తగిలిస్తారు. అదే ఉపజాతి. ఈ పిట్టకి అలాంటి మూడో పేర్లు నలభైకి పైగా ఉన్నాయి!

ఇప్పుడు సొంత పేరు సంగతి చూద్దాం. పెట్టింది స్వీడన్‌కి చెందిన కార్ల్ లినేయస్, 1758లో. ఆల్పెస్ట్రిస్ అంటే ఎత్తైన కొండలది అని అర్థం. మరి ఆయన ఈ పిట్టని ఏ కొండ మీద చూశాడు? లినేయస్ ఆధారం చేసుకున్నది ఒక బొమ్మల పుస్తకం. మార్క్ కేట్స్‌బీ అనే ఇంగ్లీషాయన అమెరికాలోని కరోలినా ప్రాంతమంతా తిరిగి, అక్కడి పక్షుల్ని తనే బొమ్మలు గీసి పుస్తకం వేశాడు. అందులో 32వ బొమ్మ ఈ పిట్టది. మరి కేట్స్‌బీ ఏం రాశాడు? బాగా చలి ముదిరినప్పుడు ఈ పిట్టలు ఉత్తరం నుంచి వస్తాయి, సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బల మీద తిరుగుతాయి అన్నాడు. సముద్రం ఒడ్డు, ఇసుక! పేరేమో కొండపిట్ట.

అలాగని పేరు పూర్తిగా తప్పూ కాదు. యూరప్‌లో, ఆసియాలో ఈ జాతి నిజంగానే ఎత్తైన కొండల మీద ఉంటుంది. మన లద్దాఖ్‌లో కూడా ఉంది. కానీ ఏ పిట్టని చూపించి ఆ పేరు పెట్టారో ఆ పిట్ట మాత్రం సముద్రం ఒడ్డుది. మరి తర్వాతైనా సరిదిద్దొచ్చు కదా అంటారా? కుదరదు. అర్థం సరిపోలేదని పేరు మార్చకూడదన్నది రూల్. ముందు పెట్టిన పేరుదే హక్కు. ఆధార్ కార్డులో పేరైనా మార్పించుకోవచ్చు గానీ, ఇక్కడ అర్థం నప్పలేదని మార్చే దారి లేదు.

సొంత పేరు అలా స్థిరపడింది గానీ ఇంటిపేరు మీద పెద్ద గొడవే జరిగింది. లినేయస్ దీన్ని మామూలు భరతపిట్టలతో కలిపి 'అలౌడా' అన్నాడు. 1828లో బోయి అనే జర్మన్ పండితుడు దీన్ని విడదీసి ఎరెమోఫిలా అని పెట్టాడు. గ్రీకు మాటల్లోంచి కట్టిన పేరది. నిర్జన ప్రదేశాన్ని, ఎడారిని ఇష్టపడేది అని అర్థం. పదేళ్ళకి, 1838లో, చార్లెస్ లూసియన్ బోనపార్ట్ 'ఓటోకోరిస్' అని ఇంకో పేరు పెట్టాడు. అవును, ఆ నెపోలియన్ బోనపార్ట్‌కి తమ్ముడి కొడుకే!

ముందు పెట్టిన పేరుదే హక్కు అన్నాం కదా, మరి బోయి పేరే ఉండాలి. కానీ చాలా దశాబ్దాలు అమెరికా వాళ్ళు ఓటోకోరిస్ అనే రాశారు. ఎందుకో చూడండి, తమాషాగా ఉంటుంది. 1805లోనే హంబోల్ట్ అనే మహా యాత్రికుడు ఒక చేపకి 'ఎరెమోఫిలస్' అని పెట్టేశాడు. చేప ఎరెమోఫిలస్, పిట్ట ఎరెమోఫిలా. ఇంత దగ్గరగా ఉంటే రెండూ ఒకటే కింద లెక్క, కాబట్టి పిట్ట పేరు చెల్లదు అని వాదించారు. తర్వాత రూల్ స్పష్టమైంది. ప్రజాతి పేర్లలో ఒక్క అక్షరం తేడా ఉన్నా అవి వేరు వేరు పేర్లే. దాంతో ఎరెమోఫిలా తిరిగొచ్చింది.

నాకు బాగా నచ్చిన ముక్క ఇది. ఆ చేప ఎక్కడిది? కొలంబియా దేశంలో బొగోటా నగరం ఉన్న పీఠభూమిది. దక్షిణ అమెరికా ఖండం మొత్తం మీద ఈ కొమ్ముల భరతపిట్ట ఉండేది ఎక్కడ? అదే కొలంబియా పీఠభూమిలో! పేరు కోసం తగువుపడ్డ చేపా పిట్టా ఒకే ఊరివాళ్ళన్నమాట. ఆ కొలంబియా పిట్టకి 1855లో లండన్ పండితుడు స్క్లేటర్ పెట్టిన మూడో పేరు 'పెరిగ్రీనా'. అంటే పరదేశి. అది పుట్టేదీ పెరిగేదీ చచ్చిపోయేదీ అక్కడే. పేరు మాత్రం పరదేశి. లండన్‌లో కూర్చుని చూసేవాడికి ఎవరు సొంతవాళ్ళు, ఎవరు పరాయివాళ్ళు అనేది వేరేగా కనిపిస్తుంది మరి.

ఇక మూడో పేర్ల జాతరకి వద్దాం. 1884లో అమెరికాలో పక్షి శాస్త్రవేత్తల కొత్త పత్రిక 'ది ఆక్' మొదలైంది. దాని మొదటి సంపుటంలోనే హెన్రీ హెన్షా ఒక వ్యాసం రాశాడు. మ్యూజియం సొరుగుల్లో ఉన్న ఈ పిట్టల చర్మాల్ని వరసగా పేర్చి చూశాడు. ఒక్కో ప్రాంతం పిట్ట ఒక్కో రంగు. ఎందుకంటే ఈ పిట్ట బతికేదే నేల మీద. గూడు కూడా నేల మీదే. వీపు రంగు మట్టి రంగులో కలిసిపోతే గద్ద కంటికి దొరకదు. ఎర్రమట్టి చోట ఎర్రగా, ఎడారిలో పాలిపోయి ఉంటుంది.

హెన్షా పేర్లు పెట్టుకుంటూ పోయాడు. పచ్చిక మైదానాల్లో ఉండేది 'ప్రాటికోలా'. ఎర్రటిది 'రూబియా'. 1890లో డ్వైట్ అనే ఆయన ఇంకొన్ని కలిపాడు. అరిజోనా వైపు మాడిపోయినట్టుండేది 'అడస్టా', అంటే కాలినది. 1902లో ఓబర్‌హోల్సర్ వచ్చి మొత్తం లెక్క మళ్ళీ రాశాడు. ఆయన పెట్టిన వాటిలో ఒకటి 'అమ్మోఫిలా'. మన అమ్మకేం సంబంధం లేదండీ! ఇసుకని ఇష్టపడేది అని అర్థం.

కొన్ని మనుషుల పేర్లు. 'మెరిలై' అంటే జేమ్స్ మెరిల్, సైన్యంలో డాక్టరు. 'ఎల్వెసై' పేరు మన దేశం వైపు నుంచి వెళ్ళింది. హెన్రీ జాన్ ఎల్వెస్ 1870లో సిక్కిం కొండలు తిరిగిన ఇంగ్లీషాయన. యూరప్‌లో మంచు కరగగానే పూసే స్నోడ్రాప్ అనే తెల్లపూవు ఒకటుంది, దాంట్లో ఒక జాతికీ ఆయన పేరే ఉంది. పిట్టకి 1872లో ఆ పేరు పెట్టింది విలియం బ్లాన్‌ఫోర్డ్, భారత భూగర్భ సర్వే ఉద్యోగి. ఈయన మనకి కొత్తవాడు కాదు. భద్రాచలం ప్రాంతంలో కలివికోడిని చూసి నమోదు చేసిన అతికొద్దిమందిలో ఒకడు.

ఇక్కడ మీకొక డౌటు రావాలి. నాకూ వచ్చింది. ఒకే పిట్టకి రంగు కాస్త మారితే పేరు, మట్టి మారితే పేరు. ఇదంతా సొరుగుల ముందు కూర్చున్న పెద్దమనుషుల కాలక్షేపం కాదా? ఎక్కడ ఒకటి ఆగి ఇంకోటి మొదలవుతుందో ఎవరు చెప్పగలరు? ఈ విమర్శలో నిజం ఉంది. 2014లో వచ్చిన ఒక జన్యు అధ్యయనమైతే ఈ ఒక్క జాతిని ఆరు జాతులుగా విడదీయాలేమో అంది. గీతలు ఇంకా గీస్తూనే ఉన్నారు.

కానీ ఒక పేరు కథ విన్నాక ఆ పేర్లని తేలిగ్గా తీసిపారేయలేకపోయాను. ఆ పేరు 'స్ట్రైగేటా'. అంటే చారలున్నది. 1884లో హెన్షా పెట్టిందే. ఆయన ఆధారంగా తీసుకున్న నమూనా వాషింగ్టన్ ప్రాంతంలోని ఫోర్ట్ స్టైలకూమ్ అనే సైనిక స్థావరం దగ్గరది. అప్పట్లో అక్కడ గడ్డిమైదానాలుండేవి. తర్వాత పొలాలొచ్చాయి, ఊళ్ళొచ్చాయి. నేల మీద గూడు పెట్టే పిట్టకి చోటు లేకుండా పోయింది. ఇప్పుడు మిగిలినవి కొద్దిపాటి మైదానాల్లో, కొలంబియా నది ఇసుక లంకల్లో, ఇంకా విమానాల రన్‌వేల పక్కన బతుకుతున్నాయి. ఎందుకంటే చెట్టూ పుట్టా లేని చదును నేల వాటికి దొరికేది అక్కడే. ఆ పాత ఫోర్ట్‌కి దగ్గర్లోనే ఉన్న పెద్ద మిలిటరీ బేస్‌లో కూడా ఉన్నాయి. గుడ్ల పక్కనుంచే విమానాలు!

ఇప్పుడు చట్టం సంగతి. కొమ్ముల భరతపిట్ట జాతి మొత్తం చూస్తే ఉత్తరార్ధగోళంలో బోలెడన్ని ఉన్నాయి. రెండు పేర్లతోనే లెక్క రాసి ఉంటే, అధికారులు 'ఇవి బాగానే ఉన్నాయిగా' అని ఫైల్ మూసేసేవాళ్ళు. కానీ అమెరికాలో అంతరించిపోతున్న జీవుల చట్టం ఉపజాతికి కూడా వర్తిస్తుంది. 2005లో వచ్చిన జన్యు పరిశోధన ఈ చారల పిట్టలు మిగతావాటి నుంచి విడిపోయి ఉన్నాయని, వాటిలో వైవిధ్యం కూడా బాగా తగ్గిపోయిందని చూపించింది. హెన్షా కంటితో చూసి గీసిన గీతే నూట ఇరవై ఏళ్ళ తర్వాత డీఎన్ఏలో కనిపించింది. 2013లో స్ట్రైగేటాని ముప్పులో ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. అప్పట్లో అవి రెండు వేలు కూడా లేవని అంచనా. అంటే ఎప్పుడో సొరుగు ముందు కూర్చుని ఒకాయన పెట్టిన మూడో పేరు లేకపోతే, ఆ పిట్టలు పోతున్నాయన్న సంగతి చట్టానికి కనిపించేదే కాదు.

సరే, మళ్ళీ మన సైబీరియా పిట్ట దగ్గరికి వద్దాం. ఫ్లావా ఏంటి, బ్రాంటై ఎవరు అన్నాం కదా. ఫ్లావా సులువు. లాటిన్‌లో పసుపుపచ్చనిది అని అర్థం. 1789లో గ్మెలిన్ అనే జర్మన్ పండితుడు సైబీరియా పిట్టకి పెట్టాడు, దాని ముఖం మీద పసుపుంటుంది.

బ్రాంటై పేరు 1874లో హెన్రీ డ్రెస్సర్ పెట్టాడు, యోహాన్ ఫ్రీడ్రిష్ బ్రాంట్ గౌరవార్థం. ఆయన సెయింట్ పీటర్స్‌బర్గ్ జంతు మ్యూజియంకి అధిపతి. ఆయన చేసిన పెద్ద పనుల్లో ఒకటేంటో తెలుసా? సైబీరియా మంచునేలలో దొరికిన మామత్‌ల మీద, బొచ్చు ఖడ్గమృగాల మీద పరిశోధన! డ్రెస్సర్‌కి ఇదంతా తెలిసే అవకాశమే లేదు. కానీ మంచులో గడ్డకట్టిన జంతువుల్ని చదివిన మనిషి పేరు ఏ ఉపజాతికి ఉందో, దాని పూర్వీకుల గుంపులోని పిట్టే మామత్ దంతాలు తవ్వేవాళ్ళకి ఆ మంచునేలలోనే దొరికింది.

ఆ పిట్ట బతికిన కాలంలో అక్కడ ఒకటే గడ్డిమైదానం, మామత్‌లు మేసే మైదానం. మంచుయుగం ముగిశాక అది ముక్కలైంది. ఉత్తరాన టండ్రా, మధ్యలో అడవి, దక్షిణాన గడ్డినేల. ఉత్తరాన మిగిలినవి ఫ్లావా, దక్షిణాన మిగిలినవి బ్రాంటై. ఆ 46 వేల ఏళ్ళ పిట్టకి ఈ రెండు పేర్లలో ఏదీ సరిపోదు. అది బతికినప్పుడు ఆ రెంటినీ విడదీసే అడవే లేదు. పేర్లు మనం ఇవాళ నిలబడ్డ చోటి నుంచి పెట్టుకున్నవి.

అందుకే నాకు అనిపించేది ఇదీ. పేరు తప్పవ్వచ్చు, పరాయిది అవ్వచ్చు, ఎవడో లండన్‌లో కూర్చుని పెట్టిందీ అవ్వచ్చు. కానీ పేరున్న దాన్ని లెక్కపెట్టగలం. లెక్కలో ఉన్నది పోతుంటే మనకి తెలుస్తుంది.

మీ ఊరి చేలల్లో, బీళ్ళలో కూడా భరతపిట్టలుంటాయి, మట్టిరంగులో, మట్టిలోనే కలిసిపోయి. వాటిని మీ అమ్మమ్మ, తాతయ్య ఏమని పిలిచేవాళ్ళో ఒకసారి అడిగి కామెంట్లలో రాయండి. ఆ పేర్లు కూడా ఎక్కడో ఒకచోట నమోదై ఉండాలి కదా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.