గేటు ముందు ఆ బోర్డు ఎవరికి?

విమానం గేటు చేరేటప్పుడు ఎదురుగోడ మీద వెలిగే అంకెలు మనకోసం కాదండోయ్. ఆ బోర్డుకి తాతలాంటిది ఆగ్నిస్, పక్కపక్కనే రెండు నిలువు దీపాలు. రెండూ ఆకుపచ్చగా ఉంటే విమానం గీత మీదున్నట్టు. ఒకటి ఎర్రబడితే ఆకుపచ్చ వైపు తిరగాలి. అదీ ఎడమ సీట్లోని కెప్టెనుకే సరిగ్గా కనబడేది! ఎక్కడ ఆగాలో దానికి తెలీదు, అందుకు వేరే గుర్తు కావాలి. తర్వాత లేజర్లొచ్చి మిగిలిన దూరం కూడా చూపించాయి.

నన్నడిగితే అసలు మార్పు లేజరు కాదు. ఎయిర్‌పోర్టు, ఎయిర్‌లైన్సు, టవరు ఒకే డేటా పంచుకునే ఎ-సిడిఎం పద్ధతి 2007లో మ్యూనిక్‌లో పూర్తిగా అమలైంది. ఆ పద్ధతి ఉన్న చాలాచోట్ల ఇంజిను స్టార్టుకి అనుమతి దొరికే టైము (టీసాట్) ఇప్పుడు ఆ బోర్డు మీదే కనిపిస్తుంది. రన్‌వే దగ్గర క్యూలో నిలబడి ఇంధనం తగలెయ్యకుండా గేటు దగ్గరే ఆగొచ్చు. బ్యాగులు ఎక్కించడం ఆలస్యమైతే ఆ టైము జారిపోవచ్చు. అందుకే బ్యాగులెత్తే కుర్రాడికీ పైలట్‌కీ ఒకే అంకె కనబడాలి.